బెంగళూరులో స్ప్లిట్ లెవెల్ ఇల్లు: తీసుకోవాలా వద్దా అని ఎలా తేల్చుకోవాలి

ఇల్లు చూడ్డానికి వెళ్లారనుకోండి. గేటు దాటి నాలుగు మెట్లు ఎక్కితే హాలు. హాల్లోంచి ఇంకో ఏడెనిమిది మెట్లు ఎక్కితే వంటగది, భోజనాల బల్ల. అక్కడి నుంచి వెనక్కి తిరిగి మళ్లీ అన్ని మెట్లు ఎక్కితే పడకగదులు. హాలు పక్క నుంచి కిందికి దిగితే ఒక గది, కారు పార్కింగ్. ఇంటికి అంతస్తుల లెక్క కుదరదు, అన్నీ అరంతస్తులే. దీన్నే స్ప్లిట్ లెవెల్ అంటున్నారు. డూప్లెక్స్‌లో అయితే కింద ఒక పూర్తి అంతస్తు, పైన ఇంకొకటి, మధ్యలో ఒకే మెట్ల వరస. ఇక్కడ ఇల్లంతా నాలుగైదు అడుగుల తేడాతో విడివిడి మట్టాలుగా పైకి పోతుంది.

ఈ పద్ధతి మనకు కొత్తే గానీ ప్రపంచానికి పాతదే. అడాల్ఫ్ లోస్ అనే ఆర్కిటెక్ట్ 1930లో ప్రాగ్‌లో పూర్తి చేసిన విల్లా ముల్లర్‌లో గదులన్నీ వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా శివార్లలో మధ్యతరగతి వాళ్లు ఇలాంటి ఇళ్లు విరివిగా కట్టుకున్నారు. బెంగళూరులో రాజరాజేశ్వరి నగర్, గిరినగర్, బనశంకరి ఆరో స్టేజ్ లాంటి ఎత్తుపల్లాల చోట్ల ఇండిపెండెంట్ ఇల్లు వెతికేవాళ్లకు ఇవి తగులుతుంటాయి. వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు విల్లాల్లో కూడా కనిపిస్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నేల వాలుగా ఉంటే స్ప్లిట్ లెవెల్ చాలా మంచి ఇల్లు. నేల చదునుగా ఉంటే డబ్బు పెట్టి మెట్లు కొనుక్కోవడమే అవుతుంది. రెండు చోట్లా ఒక షరతు మాత్రం తప్పదు: ఏదో ఒక మట్టంలో వంటగది, ఒక పడకగది, ఒక బాత్రూమ్ మూడూ కలిసి ఉండాలి. ఈ షరతు కుదరకపోతే ఇల్లు ఎంత అందంగా ఉన్నా వదిలేయమనే చెబుతాను. అద్దెకు చూస్తున్నా, కొంటున్నా, సొంతంగా కట్టుకుంటున్నా కింది పద్ధతిలో ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లండి.

ముందు నేల చూడండి

బెంగళూరు పైకి చదునుగా కనిపిస్తుంది గానీ కాదు. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ ఊరి మధ్య నుంచి ఉత్తర దక్షిణాలుగా ఒక మిట్ట పోతుంది. దానికి తూర్పున పడ్డ వాన హెబ్బాళ, కోరమంగళ-చల్లఘట్ట లోయల మీదుగా దక్షిణ పినాకినికి చేరుతుంది. పడమట పడ్డది వృషభావతిలో కలిసి అర్కావతి వైపు వెళ్తుంది. అందుకే ఒకే లేఔట్‌లో ఈ వీధి మిట్టగా, పక్క వీధి పల్లంగా ఉంటాయి.

సైట్ వాలు కంటితో అంచనా వేయొద్దు. మేస్త్రీల దగ్గర నీళ్లు నింపే సన్నటి ప్లాస్టిక్ ట్యూబు ఉంటుంది. దాని ఒక కొస రోడ్డు వైపు మూలలో, ఇంకో కొస వెనక మూలలో పట్టుకుంటే, నీటి మట్టాన్ని బట్టి నేల ఎంత దిగిందో అంగుళాలతో సహా తెలిసిపోతుంది. నాలుగు మూలలూ చూడండి. నలభై అడుగుల పొడవులో తేడా ఒక అడుగు లోపే ఉంటే స్ప్లిట్ లెవెల్ అవసరమే లేదు, పునాది కాస్త లేపి కడితే సరిపోతుంది. మూడు నాలుగు అడుగులు దాటితే మాత్రం ఆలోచించాలి. అలాంటి నేలను చదును చేయాలంటే పల్లాన్ని మట్టితో నింపాలి, లేదా మిట్టను తవ్వాలి. నింపిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, దాని మీద వేసిన ఫ్లోరింగ్ పగుళ్లిస్తుంది. తవ్వడం మొదలుపెడితే ఈ ఊళ్లో చాలా చోట్ల బండ తగులుతుంది. బండ కొట్టించడం ఖర్చూ, పక్కింటివాళ్లతో గొడవానూ. నేల ఎలా ఉందో ఇంటిని అలాగే రెండు మూడు మట్టాల్లో కూర్చోబెడితే ఈ రెండు బాధలూ తగ్గుతాయి. స్ప్లిట్ లెవెల్‌కి అసలైన సమర్థన ఇదే.

ఇక సైట్ కొలత. బెంగళూరులో మామూలుగా దొరికేవి, అడుగుల్లో, 20×30, 30×40, 40×60, 50×80. స్ప్లిట్ లెవెల్‌లో మెట్లు ఇంటి నడిమధ్యకు వస్తాయి, గదులు వాటికి అటూ ఇటూ పడతాయి. ఇందులో ఒక లాభం ఉంది. మామూలు ఇంట్లో మెట్ల మధ్యలో వచ్చే ల్యాండింగ్ దేనికీ పనికిరాదు, ఇక్కడ ఆ ల్యాండింగే ఒక గదికి వాకిలి అవుతుంది. నడవాలకు పోయే చోటు మిగులుతుంది. కానీ 20×30లో మధ్యన మెట్లు పెట్టాక అటూ ఇటూ మిగిలేవి పెట్టెల్లాంటి గదులే. 30×40లో మంచి ఆర్కిటెక్ట్ దొరికితే కుదురుతుంది, అయినా నలభై మంది బంధువులు కూర్చునే హాలు ఆశించవద్దు. 40×60 నుంచి ఇబ్బంది లేదు.

తర్వాత మనుషుల్ని చూడండి

ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. ఇల్లు చూడ్డానికి వెళ్లేది ముప్ఫైల్లో ఉన్న భార్యాభర్తలు. ఉండబోయేది వాళ్లు మాత్రమే కాదు. అనంతపురం నుంచో కడప నుంచో అమ్మానాన్నలు వచ్చి నెలల తరబడి ఉంటారు. కాన్పుకు అత్తగారు వస్తారు. మోకాలి ఆపరేషన్ చేయించుకోవడానికి పెద్దమ్మ వస్తుంది, ఎందుకంటే బెంగళూరులో ఉన్నది మీరొక్కరే.

మోకాళ్లు అరిగిన వాళ్లకు మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టం. దిగేటప్పుడు ఒంటి బరువంతా వంచిన మోకాలి మీద పడుతుంది. మా చెల్లెలు రాజరాజేశ్వరి నగర్‌లో ఇలాంటి ఇంట్లోనే ఉంటుంది. వాళ్లత్తగారు వచ్చినప్పుడల్లా హాల్లో దివాన్ మీదే ఉండిపోతారు. భోజనాల బల్ల తొమ్మిది మెట్ల పైన. "మీరు కానివ్వండమ్మా, నాకిక్కడికే తెచ్చిపెట్టు చాలు" అంటారావిడ. ఇంటిల్లిపాదీ పైన కూర్చుని తింటుంటే ఆవిడ కింద ఒంటరిగా కంచం ఒళ్లో పెట్టుకుని తింటారు. చివరికి చెల్లెలు ఒక మడత బల్ల కొని, అత్తగారున్నన్నాళ్లూ అందరి భోజనాలూ హాల్లోకి దించేసింది. తొమ్మిది మెట్లు ఇంట్లో ఒక మనిషిని ఎలా విడదీస్తాయో అక్కడ చూశాకే నేను పై షరతు గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను.

ర్యాంపు కట్టిద్దాంలే అనుకుంటారేమో. చక్రాల కుర్చీకి పనికొచ్చే ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అంటే ఐదు అడుగుల అరంతస్తుకు అరవై అడుగులు, మధ్యలో ఆగే చోట్లు అదనం. 30×40 సైట్‌లో అది అసాధ్యం. ఇంటి లిఫ్టు పెట్టాలన్నా చిక్కే. మామూలు ఇంట్లో లిఫ్టు రెండు మూడు చోట్ల ఆగితే చాలు, ఇక్కడ ప్రతి అరంతస్తులోనూ ఆగాలి, అదీ ఎదురెదురు వైపుల తలుపులతో. ఖర్చు పెరుగుతుంది, చోటూ పోతుంది.

అందుకే ఒక పని చేయండి. కాగితం తీసుకుని మీ ఇంట్లో ఒక మామూలు రోజు రాయండి. పొద్దున గేటు దగ్గర పాల ప్యాకెట్, దేవుడి గది, కాఫీ, పిల్లల స్నానాలు, టిఫిన్ బాక్సులు, వాషింగ్ మెషిన్, బట్టలు ఆరేయడం, ఆఫీసు కాల్ మధ్యలో మంచినీళ్లు, రాత్రి పాప పాల సీసా. ప్రతి పనికీ ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని మెట్లు అని పక్కన వేయండి. వంటగదికీ పడకగదికీ మధ్య తొమ్మిది మెట్లుండి రోజుకు పదిహేను సార్లు తిరిగితే ఎక్కేవి 135, దిగేవి 135. ఇది ఒక్క దారి లెక్కే. ఆ తిరగడంలో ఎక్కువ భాగం ఎవరి వంతో కూడా రాయండి. చాలా ఇళ్లలో అది ఒక్క మనిషి మీదే పడుతుంది, ఇల్లు నచ్చిందని ముందుగా చెప్పే మనిషి వేరే ఉంటారు. నిర్ణయం ఆ తిరిగే మనిషిది కావాలి.

బరువులు కూడా ఈ కాగితంలోకే రావాలి. గ్యాస్ బండలో గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ బండ బరువు కలిపితే ముప్ఫై కిలోలకు దగ్గర. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్, బియ్యం మూట ఉండనే ఉన్నాయి. వంటగది గేటుకు ఎన్ని మెట్ల ఎత్తున ఉంటే అన్ని మెట్లూ ఇవన్నీ ఎక్కాలి. మీ వీధిలో పైపు గ్యాస్ ఉంటే ఒక బరువు తప్పినట్టే.

పాకే పిల్లలుంటే ప్రతి మెట్ల వరసకూ పైనొకటి, కిందొకటి గేటు కావాలి. మూడు వరసలుంటే ఆరు గేట్లు. చేతిలో పప్పు గిన్నెతో ఆరు గేట్లు తీసి వేస్తూ తిరగడం ఎలా ఉంటుందో ముందే ఊహించుకోండి. కొన్నేళ్లు గడిచి పిల్లలు ఐదారేళ్ల వాళ్లయితే మాత్రం ఈ ఇల్లంత ఇష్టమైన చోటు వాళ్లకు ఇంకోటి ఉండదు. మెట్ల మీద కూర్చుని హోంవర్క్, అక్కడే చదరంగం. దసరాకు ఆ మెట్లలో ఒక వరసే బొమ్మల కొలువు. చెల్లెలి ఇంట్లో కొలువుకు వేరే బల్లలు సర్దాల్సిన పనే లేదు, తెల్ల గుడ్డ పరిస్తే చాలు.

టేపు తీసి మెట్లు కొలవండి

మెట్లు ఇన్ని ఉన్న ఇంట్లో మెట్టు సరిగా లేకపోతే ఇంకేదీ సరిగా లేనట్టే. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఏడున్నర అంగుళాలు దాటకూడదు. పాదం పెట్టే వెడల్పు 250 మిల్లీమీటర్లకు, అంటే దాదాపు పది అంగుళాలకు తగ్గకూడదు. ఇవి హద్దులు. పెద్దవాళ్లుండే ఇంటికి ఆరున్నర అంగుళాల ఎత్తు, పదకొండు అంగుళాల వెడల్పు సుఖంగా ఉంటాయి. ఐదు అడుగుల అరంతస్తును ఎనిమిది ఎత్తుల్లో లాగేస్తే ఒక్కోటి ఏడున్నర అంగుళాలు వస్తుంది. తొమ్మిదిగా విడగొడితే ఆరు అంగుళాలూ, పైన ఇంకో అంగుళంలో మూడింట రెండు వంతులూ. ఆ ఒక్క మెట్టు కోసం పది పదకొండు అంగుళాల చోటు అదనంగా పోతుంది, పోనివ్వండి.

కొలిచేటప్పుడు ఒక్క మెట్టు కొలిచి ఊరుకోవద్దు. ప్రతి వరసలో మొదటి మెట్టు, చివరి మెట్టు తప్పకుండా కొలవండి. తేడా వచ్చేది అక్కడే, దానికి కారణం ఉంది. కాంక్రీట్ పోసేటప్పుడు మేస్త్రీ మెట్లన్నీ సమానంగానే వేస్తాడు. తర్వాత గదుల్లో ఇసుక సిమెంట్ పరిచి దాని మీద టైల్సో గ్రానైటో వేస్తారు, నేల రెండు మూడు అంగుళాలు లేస్తుంది. మెట్ల మీద మాత్రం పల్చగా మాల్ వేసి రాయి అతికిస్తారు, అంగుళమో అంగుళంన్నరో. దాంతో కింది గది నేల లేచి మొదటి మెట్టు పొట్టిదవుతుంది, పై గది నేల లేచి చివరి మెట్టు పొడుగవుతుంది. మధ్యలో మెట్లన్నీ ఏడంగుళాలుండి చివరిది ఎనిమిదిన్నర ఉంటే, పగలు కళ్లు సర్దుకుంటాయి. రాత్రి నిద్రమత్తులో కాలు లెక్క ప్రకారమే లేస్తుంది, బొటనవేలు రాయికి తగులుతుంది. డూప్లెక్స్‌లో ఇలాంటి చోట్లు రెండే ఉంటాయి. స్ప్లిట్ లెవెల్‌లో ప్రతి వరసకూ రెండు. అర సెంటీమీటరు మించి తేడా ఉంటే కొనేటప్పుడు బేరంలో చెప్పండి. కట్టుకుంటుంటే ఫ్లోరింగ్ మందం ఎంతో ముందే ఖాయం చేసి, షట్టరింగ్ కొట్టకముందే మేస్త్రీకి కాగితం మీద గీసివ్వండి. నోటిమాట చాలదు.

మెట్ల మీద అద్దంలా మెరిసే గ్రానైట్ వేయించకండి. తడి పాదంతో అది జారుతుంది. గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ గ్రానైటో, అంచున గాళ్లు కొట్టిన రాయో వేయించండి. మెట్టు అంచు వేరే రంగులో ఉంటే చూపు మందగించిన వాళ్లకు దిగడం తేలిక. పట్టుకునే కమ్మీ ప్రతి వరసకూ ఉండాలి, మూడే మెట్లున్నా సరే. మనుషులు ఎక్కువగా పడేది ఆ "మూడే కదా" అనుకునే చోటే. అద్దాల రెయిలింగ్ ఫోటోల్లో బాగుంటుంది గానీ తొమ్మిది మెట్లు ఎక్కాల్సిన మనిషికి గుప్పిట్లో ఇమిడే గుండ్రటి కమ్మీ కావాలి. రెయిలింగ్ ఊచల మధ్య సందు నాలుగు అంగుళాల లోపు ఉంటే పిల్లల తల దూరదు.

మలుపుల దగ్గర బీరువా తిరుగుతుందా అని కూడా టేపుతోనే తేల్చుకోండి. మీ బీరువా ఎత్తు, డబుల్ కాట్ పరుపు వెడల్పు రాసుకుని వెళ్లండి. ప్యాకర్స్ వాళ్లు వచ్చాక తేలితే బీరువా హాల్లోనే ఉండిపోతుంది.

కింది మట్టం: చెమ్మ, మురుగు నీరు

స్ప్లిట్ లెవెల్ ఇంట్లో అన్నిటికన్నా కిందున్న గది, చాలాసార్లు, ఒక వైపో రెండు వైపులో మట్టిలో ఉంటుంది. ఆ గోడ ఇంటి గోడ మాత్రమే కాదు, వెనకున్న మట్టిని ఆపే గోడ కూడా. వానాకాలంలో ఆ మట్టి నీళ్లు తాగి గోడను నొక్కుతూ ఉంటుంది. బయట వైపు వాటర్‌ప్రూఫింగ్, దాని వెనక కంకర, నీరు దిగిపోయే పైపు, గోడలో నీళ్లు కారే రంధ్రాలు సరిగా లేకపోతే చెమ్మ లోపలికి రాక తప్పదు. లోపల ఎన్ని కోటింగ్‌లు పెయింట్ వేసినా అది కప్పిపుచ్చడమే, ఆపడం కాదు.

కొత్త పెయింట్ వేసిన ఇంట్లో దీన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మట్టి వైపు గోడ ఏదో అడిగి తెలుసుకోండి. నేల నుంచి రెండు అడుగుల ఎత్తు వరకు అరచేయి ఆనించి పక్క గోడతో పోల్చండి, చల్లగా ఉంటే అనుమానించాలి. స్కర్టింగ్ టైల్ పైఅంచున గోరుతో గీకండి. తెల్లటి ఉప్పు పొడిలా రాలితే నీరు వచ్చి ఆరిన గుర్తు. ఆ గోడకు వార్డ్‌రోబ్ కట్టి ఉంటే తలుపు తీసి కింది అర వెనక ప్లైవుడ్ నొక్కి చూడండి, మెత్తగా ఉంటే చెమ్మ, బోలుగా మోగితే చెద. ఆ అరలో ముక్కు పెట్టి వాసన చూడండి. కలరా ఉండలు ఘాటుగా ఉంటే ఏ వాసనను కప్పడానికో అని అడగండి. మొహమాటపడకండి, లక్షలు పోసేది మీరు.

రెండోది మురుగు పైపు. కింది మట్టంలో బాత్రూమ్ ఉంటే, దాని నేల రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత కన్నా ఎత్తులో ఉందా, పల్లంలో ఉందా? పల్లంలో ఉంటే, పెద్ద వాన పడి వీధి లైను నిండిన రోజు ఆ నీళ్లు వెనక్కి తన్ని మీ బాత్రూమ్ జాలీలోంచి పైకి వస్తాయి. దీనికి లైనులో, నీటిని బయటికే పోనిచ్చి వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ వేయాలి. మరీ పల్లమైతే ఒక గుంతలోకి చేర్చి పంపుతో పైకి ఎత్తాలి. ఆ పంపు కరెంటు పోయినా నడిచేలా ఉండాలి, ఎందుకంటే పెద్ద వానా కరెంటు కోతా కలిసే వస్తాయి. నన్నడిగితే రోడ్డు కన్నా పల్లంలో బాత్రూమ్ కట్టకండి. ఆ గదిని స్టోరుగానో ఆఫీసు గదిగానో వాడుకోండి.

సగం నేలలో, సగం పైన ఉండే పార్కింగ్‌కీ ఇదే భయం. 2022 సెప్టెంబరు వానల్లో సర్జాపూర్ రోడ్డు, బెళ్లందూరు, యమలూరు వైపు విల్లాలు సైతం మునగడం టీవీల్లో అందరం చూశాం. మీ వీధి పల్లంలో ఉంటే, పక్క వీధిలో రాజకాలువ (వాననీరు పోయే పెద్ద కాలువ) ఉంటే, స్ప్లిట్ లెవెల్‌లో కింది అరంతస్తును లెక్కలోంచి తీసేసి మిగతా ఇల్లు ధరకు తగుతుందా అని చూసుకోండి. మీటర్ బోర్డు, ఇన్వర్టర్ బ్యాటరీ ఏ ఇంట్లోనైనా కింది మట్టంలో పెట్టొద్దు.

పై మట్టంలో ఇంకో రకం చిక్కు. మిద్దె మీది ట్యాంకుకు సరిగ్గా కింద ఉన్న బాత్రూమ్‌లో షవర్ సన్నగా వస్తుంది. నీటికి పది మీటర్ల ఎత్తు తేడా ఉంటేనే ఒక కిలో ప్రెజర్ వస్తుంది. ట్యాంకు రెండు మీటర్ల పైన ఉంటే అందులో ఐదో వంతు. అదే ఇంట్లో కింది బాత్రూమ్‌లో ధారాళంగా వస్తుంది. ఇల్లు చూసేటప్పుడు అన్నిటికన్నా పైనున్న షవర్ తిప్పి చూడండి. కావాలంటే ఆ ఒక్క మట్టానికి చిన్న ప్రెజర్ పంపు పెట్టించుకోవచ్చు.

గాలి, వెలుతురు, తాలింపు

ఇన్ని చెప్పాక కూడా వాలు నేల మీద ఈ ఇంటినే ఎందుకు మెచ్చుకుంటానంటే కారణం ఈ గాలీ వెలుతురూనే. మట్టాల మధ్య గోడలు పూర్తిగా మూసేయనక్కర్లేదు కాబట్టి ఒక పక్క కిటికీలోంచి పడ్డ ఎండ రెండు మూడు గదులు దాటుతుంది. వేడి గాలి పైకి పోతుంది. పై మట్టంలో వెంటిలేటరో, తెరుచుకునే స్కైలైటో ఉంటే కింది కిటికీల నుంచి చల్లగాలి దానంతటదే లోపలికి వస్తుంది. ఏసీ లేకుండా వేసవి గడిపే ఇళ్లు బెంగళూరులో ఇంకా ఉన్నాయంటే ఇలాంటి గాలి దారుల వల్లే. పై దారి మూసేసిన ఇంట్లో మాత్రం అదే వేడి పడకగదుల్లో చేరి నిలుస్తుంది. అందుకే ఏప్రిల్, మే మధ్యాహ్నం మూడింటికి వెళ్లి పై మట్టంలో పావుగంట కూర్చోండి.

గాలి దారే వాసనకూ దారి. మనం పెట్టే తాలింపు అలాంటిలాంటిది కాదు. ఎండుమిర్చి, ఇంగువ ఘాటు తొమ్మిది మెట్లు ఎక్కి పడకగది దిండ్లలో కూర్చుంటుంది. వంటగదికి తలుపు పెట్టించండి, చిమ్నీ పైపు బయటికే పోయేలా చూడండి. లోపలే వడకట్టి తిరిగి వదిలే రకం ఈ ఇంటికి చాలదు.

చప్పుడు కూడా అంతే. హాల్లో టీవీ మోగితే పైన ఆఫీసు కాల్‌లో ఉన్నవాళ్లకు టెన్షన్. ఇంటి నుంచి పనిచేసేవాళ్లుంటే వాళ్ల గదికి నిండు తలుపు ఉండాలి, అది హాలుకు ఒక మట్టం కాదు, రెండు మట్టాలు దూరంగా ఉండాలి. చాలా చోట్ల కింది గది ఇందుకు బాగా సరిపోతుంది, చెమ్మ లేకపోతే. వైఫై రౌటర్ మధ్య ల్యాండింగ్‌లో పెడితే పైకీ కిందికీ అందుతుంది. స్లాబులు దాటేటప్పుడు సిగ్నల్ బాగా తగ్గుతుంది కాబట్టి కట్టుకునేవాళ్లు ప్రతి మట్టానికీ ఒక లాన్ కేబుల్ వేయించుకోవడం మేలు.

వాస్తు అడిగేవాళ్లుంటే

మన ఇళ్లలో ఈ మాట రాక మానదు. నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలని, ఇంటి నడుమ బ్రహ్మస్థానంలో మెట్లు రాకూడదని పెద్దలు అంటారు. సైట్ ఈశాన్యానికి వాలితే మొదటిది దానంతటదే కుదురుతుంది. రెండోది స్ప్లిట్ లెవెల్‌లో కష్టం, మెట్లను పక్కకు జరపమంటే ప్లానంతా మారుతుంది. మీరు పాటించేవాళ్లయితే వాస్తు చూసే ఆయన్ని, ఆర్కిటెక్ట్‌ని, ఇంజనీర్‌ని ఒకేసారి కూర్చోబెట్టండి. స్లాబు పడ్డాక మార్పులు చెబితే పిల్లర్ల మీదకు వస్తుంది.

కడుతుంటే ఇంజనీర్ డ్రాయింగ్ లేకుండా ముందుకు పోకండి

మామూలు 30×40 ఇల్లు అనుభవమున్న మేస్త్రీ కళ్లు మూసుకుని కట్టగలడు. ఇది వేరు. స్లాబులు వేర్వేరు ఎత్తుల్లో వచ్చి ఒకే పిల్లర్‌ను మధ్యలో పట్టుకుంటాయి. దాంతో ఆ పిల్లర్ రెండు పొట్టి ముక్కలుగా పనిచేస్తుంది. భూమి అదిరినప్పుడు పొడుగు పిల్లర్లు కొంచెం వంగి ఓర్చుకుంటాయి, పొట్టివి వంగలేవు, బలమంతా వాటి మీదే పడి పగులుతాయి. బెంగళూరులో భూకంపాల భయం తక్కువే అయినా ఆ పిల్లర్లకు రింగులు దగ్గర దగ్గరగా వేయాలి, అది స్ట్రక్చరల్ ఇంజనీరే చెప్పాలి. సెంట్రింగ్ కూడా ఒక్కో మట్టానికి విడిగా కొట్టాలి కాబట్టి కూలీ, రోజులు పెరుగుతాయి. కాంట్రాక్టర్ చదరపు అడుగు రేటు చెప్పినప్పుడు, మట్టిని ఆపే గోడ, దాని వాటర్‌ప్రూఫింగ్, మెట్ల రాళ్లు, రెయిలింగ్ ఆ రేటులో ఉన్నాయా అని రాతపూర్వకంగా తీసుకోండి. సాధారణంగా ఇవే "ఎక్స్‌ట్రా" కింద వస్తాయి.

1,200 చదరపు అడుగులు, ఆపైన ఉన్న సైట్లలో కొత్త ఇల్లు కడితే వాననీటి నిల్వ ఏర్పాటు 2009 నుంచి బెంగళూరులో తప్పనిసరి. వాలు సైట్‌లో ఇది ఎలాగూ మీకు మేలే, ఆ నీళ్లు కింది గోడ మీదకు పోకుండా ఒక దారి దొరుకుతుంది. ఇంకుడు గుంతను మాత్రం మట్టిని ఆపే గోడకు ఆనుకుని తవ్వకండి.

అద్దె, అమ్మకం

బెంగళూరులో మనవాళ్లు 30×40లో ఇల్లు కట్టేది సగం ఉండటానికి, సగం అద్దెకు. బ్యాంకు ఈఎంఐలో కొంత అద్దెలోంచే వస్తుంది. స్ప్లిట్ లెవెల్‌తో ఈ లెక్క తప్పుతుంది. మట్టాలన్నీ ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుంటాయి కాబట్టి ఒక భాగాన్ని విడిగా అద్దెకివ్వలేరు. రేపు ఇద్దరు కొడుకులకు పంచాలన్నా గోడ కట్టి విడదీయలేరు. అద్దె ఆదాయం మీ లెక్కలో ఉంటే, అన్నిటికన్నా కింది మట్టానికో పై మట్టానికో బయటి నుంచి విడి మెట్లు, విడి మీటర్ పెట్టేలా ప్లానులోనే రాయించుకోండి, లేదా ఈ ఆలోచన మానుకోండి.

అమ్మేటప్పుడు కొనేవాళ్లు తక్కువమంది. పెద్దవాళ్లున్న కుటుంబాలు చూడకుండానే వద్దంటాయి. అందుకే కొనేటప్పుడు మీరూ ఆ మేరకు బేరమాడవచ్చు. మంజూరైన ప్లానులో ఈ అరంతస్తులు ఉన్నవి ఉన్నట్టు చూపించారా అన్నది లాయర్‌తో, బ్యాంకు ఇంజనీర్‌తో చూపించుకోండి. స్టోర్ అని ప్లానులో చూపి బెడ్‌రూమ్‌గా వాడుతున్న గదికి బెడ్‌రూమ్ ధర ఇవ్వకండి.

ఇప్పటికే ఇలాంటి ఇంట్లో ఉంటే

కట్టేసిన ఇంటిని మార్చలేం గానీ చాలా సుఖంగా చేసుకోవచ్చు. ప్రతి మెట్ల వరసకూ పైనా కిందా టూ వే స్విచ్‌లు, అడుగున చిన్న ఎల్ఈడీ లైట్లు పెట్టించి, వాటిని ఇన్వర్టర్ లైనులో కలపండి. ప్రతి మట్టంలో ఒక చీపురు, ఒక తుడుపు కర్ర, ఒక బకెట్ విడిగా ఉంచండి. పనిమనిషి నీళ్ల బకెట్ మోసుకుంటూ మెట్లు తిరగకూడదు, అది ఆమె నడుముకు మంచిది కాదు, తడి మెట్ల మీద ప్రమాదం కూడా. జీతం మాట్లాడేటప్పుడు గదులే కాదు, మెట్లు కూడా లెక్కలోకి తీసుకోండి. మెట్ల పక్కన ఒక బుట్ట పెట్టి పైకి పోవాల్సినవన్నీ అందులో వేస్తూ, ఎవరు ఎక్కినా తీసుకెళ్లే అలవాటు చేస్తే ఒక్కరి తిరుగుడు సగానికి తగ్గుతుంది.

అమ్మానాన్నలు వచ్చే ముందే ఏ మట్టంలో ఉంచుతారో అనుకోండి. బాత్రూమ్ ఉన్న మట్టంలోనే మంచం వేయండి, అది హాలైనా సరే, ఒక కర్టెన్ కట్టండి. ఎలక్ట్రిక్ కెటిల్, మంచినీళ్లు, చార్జర్, చిన్న టీవీ అక్కడే పెట్టండి. రోజుకు ఒక పూట భోజనం అందరూ ఆ మట్టంలోనే చేయండి.

మే నెలాఖరులో ఒక ఆదివారం కింది మట్టానికి కేటాయించండి. గోడ బయటి రంధ్రాల్లో మట్టి, ఆకులు తీసేయండి, నాన్ రిటర్న్ వాల్వ్ మూత విప్పి కడిగించండి, పంపు ఒకసారి నడిపి చూడండి, వార్డ్‌రోబ్‌ను గోడకు రెండు అంగుళాలు ఎడంగా జరపండి. ఇదే పని ఆగస్టులో మళ్లీ చేయండి, బెంగళూరులో పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ఎక్కువ.